కావేరి ఒడ్డుకు రాతికట్టు, మహసీర్ గురించి అటవీ శాఖ ప్రశ్నలు: జవాబు రాస్తే సరిపోతుందా, డిజైనే మార్చాలా?

జమ్మలమడుగు అమ్మాయి (బెంగళూరు):

నమస్తే అండీ. నేను సివిల్ ఇంజినీర్‌ని. సొంతూరు జమ్మలమడుగు దగ్గర, ఉద్యోగం ఇక్కడ జయనగర్‌లో ఒక చిన్న కన్సల్టెన్సీలో. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

కర్ణాటకలో ముత్తత్తి దిగువన కావేరి ఎడమ ఒడ్డు మీద ఒక పల్లె ఉంది. పేరు రాయడం బాగుండదు. 2018 ఆగస్టు వరదకి అక్కడ కోత మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పెద్ద నీటికీ ఒడ్డు ఇంకొంచెం తెగింది. ఊళ్లోకి వెళ్లే ఒకే ఒక్క రోడ్డు ఇప్పుడు అంచుకి వచ్చేసింది. స్కూల్ వ్యాన్ డ్రైవర్ ఆ మలుపు దగ్గర పిల్లల్ని దింపేసి, ఖాళీ బండిని నెమ్మదిగా దాటించి, అవతల మళ్లీ ఎక్కించుకుంటున్నాడు. కాబట్టి అక్కడ పని జరిగి తీరాలి. అందులో నాకు రెండో మాట లేదు.

మేం వేసిన డిజైన్ మామూలుగా అందరూ వేసేదే. నాలుగు వందల మీటర్ల పొడవునా ఒడ్డుని వాలుగా చెక్కడం, జియోటెక్స్‌టైల్ (మట్టిని ఆపి నీటిని వదిలే గుడ్డ) పరిచి పైన స్టోన్ పిచింగ్ (పేర్చిన రాయి), అడుగున గేబియన్ టో వాల్ (ఒడ్డు పాదం దగ్గర, తీగ వల బుట్టల్లో రాళ్లు నింపి కట్టే గోడ), దాని ముందు లాంచింగ్ ఏప్రన్ (నీరు అడుగుని కోసేకొద్దీ కిందికి దిగి పాదాన్ని కాపాడే రాళ్ల పరుపు). ఒడ్డు మీది చెట్లన్నీ కొట్టేయాలి. స్థలం కావేరి వన్యప్రాణి అభయారణ్యం లోపలికి వస్తుంది కాబట్టి అటవీ, పర్యావరణ అనుమతులకి ఉండే పరివేష్ పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టాం. అటవీ శాఖ వాళ్లు సైట్ చూసి వెళ్లి ప్రశ్నలు పంపారు. వేరే ప్రత్యామ్నాయాలు ఏం చూశారు, ఆ భాగంలో మహసీర్ (నదుల్లో బాగా పెద్దగా పెరిగే చేప) ఉందా, ఉంటే ఏ జాతి, నీళ్లలో పని ఏ నెలల్లో చేస్తారు, కొట్టేసే చెట్లకి బదులు ఏం చేస్తారు అని.

మా బాస్ చెడ్డాయన కాదు, కానీ ఈ విషయంలో ఒకటే మాట: "ఒడ్డున రాళ్లు పేరిస్తే చేపకేంటి నష్టం? సందుల్లో హాయిగా ఉంటుంది. రెండు పేరాలు రాసి పంపించెయ్." కాంట్రాక్టర్‌కేమో ఎండాకాలం దాటిపోతుందని టెన్షన్.

సర్వేకి వెళ్లినప్పుడు పుట్టిలో ఒడ్డు వెంబడే వెళ్లాను. కోత పడిన చోట ఒక పెద్ద మద్దిచెట్టు ఉంది. సగం వేళ్లు బయటపడి నీళ్ల మీదికి వాలింది. ఆ వేళ్ల కింద నీడలో వేలెడంత చేపపిల్లలు గుంపుగా, ప్రవాహానికి ఎదురు తిరిగి కదలకుండా నిలబడి ఉన్నాయి. పుట్టి నీడ పడగానే చటుక్కున వేళ్ల వెనక్కి పోయాయి, మేం కాస్త జరగగానే మళ్లీ అదే చోటికి వచ్చాయి. పుట్టి నడిపే పెద్దాయన కన్నడంలో చెప్పాడు: ఇక్కడ మడుగు చాలా లోతు, నీళ్లు తగ్గినప్పుడు బిళిమీను అంతా ఇందులోకే చేరుతుంది అని. బిళిమీను అంటే వాళ్ల మాటలో మహసీరే. మా డ్రాయింగ్‌లో ఆ చెట్టు మీద కొట్టివేత గుర్తు ఉంది, ఆ మడుగులో ఏప్రన్ ఉంది.

రెండు పేరాలతో పోయే విషయమా ఇది? నది పనులు చేసినవాళ్లు, చేపల గురించి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

గోదారి గట్టు:

అమ్మా, డిజైన్ మార్చాల్సిందే. చేప సంగతి తర్వాత చూద్దాం. ముందు నది సంగతే చెప్తాను.

నా సర్వీసంతా కోనసీమలో ఏటిగట్ల మీదే గడిచింది. రిటైరయ్యాక బనశంకరిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఏప్రన్ లెక్క ఎలా కట్టారు? లేసీ ఫార్ములాతో స్కవర్ డెప్త్ (వరద నది అడుగుని ఎంత లోతుకి కోస్తుందో ఆ లెక్క) తీసి, దానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు పెట్టి ఉంటారు. లేసీ సూత్రం ఇసుక, ఒండ్రు అడుగున్న నదులకి. మా గోదారి డెల్టాకి సరిపోతుంది. ముత్తత్తి దగ్గర కావేరి అడుగంతా బండరాయి, గుండ్లు. అక్కడ రెండు మీటర్ల కింద రాయి తగిలితే నీ ఏప్రన్ ఇంక ఎక్కడికి దిగుతుంది? అప్పుడది వరదలో కొట్టుకుపోయే రాళ్ల కుప్ప అవుతుంది, అంతే. ముందు టో దగ్గర నాలుగైదు చోట్ల తవ్వి రాయి ఎంత లోతులో ఉందో చూడండి. ఐఎస్ 14262 రివెట్‌మెంట్ల (ఒడ్డుకి వేసే రాతి కట్టడాల) గురించి చెప్పే కోడ్, దాన్ని మళ్లీ ఒకసారి మొదటినుంచీ చదువు. కోడ్ నది స్వభావం చూడమంటుంది, ఒకే డ్రాయింగ్ అన్ని నదులకీ వేయమనదు.

గేబియన్ల మాట. గుండ్లు దొర్లే నదిలో వరదొచ్చినప్పుడు ఆ రాళ్లు వచ్చి తీగకి కొట్టుకుంటాయి. జింకు పూత పోతుంది, తీగ తెగుతుంది, లోపలి రాయి బయటికొచ్చేస్తుంది. మిగిలిన తీగ వల నీళ్లలో వేలాడుతూ ఉంటుంది. ఆ భాగంలో నీటికుక్కలున్నాయి, మొసళ్లున్నాయి, చేప సరేసరి. మనం వదిలేసిన తీగలో ఏది చిక్కుకున్నా ఆ పాపం మనదే.

ఇంకోటి, అసలు ఒడ్డు ఎందుకు కూలుతోంది? టో కింద నీరు కొరికేస్తోందా, లేక నీళ్లు ఒక్కసారిగా దిగిపోయినప్పుడు నానిన మట్టి కూలుతోందా? ఈ రెండింటికీ మందు వేరు. ఎగువన కేఆర్ఎస్, కబిని డ్యామ్‌ల గేట్లున్నాయి. శివనసముద్రంలో 1902 నుంచి కరెంటు తీస్తున్నారు. అంటే అక్కడ నీటిమట్టం వానని బట్టి మాత్రమే కాదు, గేట్లని బట్టి కూడా మారుతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు మట్టి నానుతుంది. నీరు గబగబా తగ్గితే లోపలి నీటికి బయటికి పోయే టైం ఉండదు, ఆ బరువుకి ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. కారణం అదే అయితే నువ్వెంత మందంగా పిచింగ్ వేసినా రాయి వెనక మట్టి జారిపోతుంది. అక్కడ కావాల్సింది వాలు తగ్గించడం, లోపలి నీరు బయటికి పోయే దారి, మట్టిని పట్టుకునే వేళ్లు. కూలిన చోట ఫొటోలు తీశావా? పెళ్ల నిలువుగా విరిగి కింద కుప్పపడి ఉందా, లేక కింద గుహలా తొలిచి ఉందా? అది చూస్తే సగం తెలిసిపోతుంది.

నున్నగా రాయి పేర్చిన ఒడ్డు వెంబడి నీరు వేగం పుంజుకుంటుంది. ఆ వేగం నీ నాలుగు వందల మీటర్లు అయిపోయిన చోట, పక్కవాడి చేనులో తీరుతుంది. గోదారిలో ఒక చోట గట్టుకి రాయి కట్టాక దిగువన లంక భూములు కరిగిపోవడం కళ్లతో చూశాను. ఆ రైతులు మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లకి చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

అన్నిటికంటే ముందు అటవీ శాఖ అడిగిన మొదటి ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పు. ప్రత్యామ్నాయం. రోడ్డుని ఇరవై, ముప్పై మీటర్లు వెనక్కి జరపలేరా? వెనక ఏముంది? పోరంబోకు ఉందా, పట్టా భూమా? రోడ్డు జరిగితే నువ్వు కాపాడాల్సిన పొడవు నాలుగు వందల మీటర్ల నుంచి బహుశా మలుపు దగ్గర కొద్ది భాగానికి తగ్గుతుంది. ఖర్చు కూడా కట్టి చూడు.

విశాఖ చేపలు:

నేను మంచినీటి చేపల మీద పనిచేస్తాను, బెంగళూరులోనే ఉంటాను. సార్ నది గురించి చెప్పారు, నేను చేప దగ్గరికి వస్తాను.

అక్కా, అటవీ శాఖ "ఏ జాతి మహసీర్" అని అడిగిందంటే ఆ ఫైల్ చూసినవాళ్లకి విషయం తెలుసు. కావేరిలో ఇప్పుడు రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి ఈ నదీ వ్యవస్థలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని గూని మహసీర్. నారింజ రంగు రెక్కలు, తల వెనక ఎత్తుగా మూపు. 1946లో కబినిలో 120 పౌండ్ల మహసీర్ పట్టారని రికార్డు ఉంది, అంటే దాదాపు 54 కిలోలు. అంత ప్రసిద్ధమైన చేపకి చాలాకాలం సరైన శాస్త్రీయ నామం కూడా లేదు. కేరళలో పంబార్ నదిలో దొరికిన చేపకి ముందే పెట్టిన టోర్ రెమాదేవియై అనే పేరు దీనిదేనని 2018లో తేల్చారు. అదే ఏడాది ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) రెడ్ లిస్ట్‌లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చారు. దాని తర్వాత మెట్టు అడవిలో అంతరించిపోవడమే.

రెండోది నీలిరెక్కల మహసీర్, టోర్ ఖుద్రీ. ఇది ఇక్కడిది కాదు. మహారాష్ట్రలో లోనావాలా దగ్గర హ్యాచరీలో పెంచిన పిల్లల్ని మంచి ఉద్దేశంతోనే దేశంలో చాలా నదుల్లో వదిలారు. కావేరిలోనూ వదిలారు. కావేరి ఒడ్డునే ఉన్న గాలిబోరె ఫిషింగ్ క్యాంపులో గాలం వేసేవాళ్లు పట్టి వదిలేసిన ప్రతి చేపా రాసిపెట్టుకున్న పుస్తకాలున్నాయి. 1998 నుంచి 2012 వరకు ఆ లెక్కలు తీసి చూస్తే నీలిరెక్కలది పెరుగుతూ పోయింది, గూనిది పడిపోతూ వచ్చింది. ఆ రోజుల్లో వాళ్లు గాలానికి గుచ్చింది రాగిముద్ద, తెలుసా! ఆ సరదా రాతల వల్లే ఒక జాతి పోతోందని ఈరోజు మనకి ఆధారం దొరికింది.

కాబట్టి రిపోర్టులో "మహసీర్ జాతి చేపలు కనిపించాయి" అని రాస్తే ఆ ముక్కకి విలువ లేదు. ఏదో తేల్చాలి. వలలేసి పట్టక్కర్లేదు, అభయారణ్యంలో దానికి మళ్లీ వేరే అనుమతి కావాలి. నీటి శాంపిల్‌లో చేప వదిలిన డీఎన్‌ఏ చూసే పద్ధతి ఉంది. దాంతోపాటు మీ పుట్టి పెద్దాయన లాంటి వాళ్లతో కూర్చుని, ఫొటోలు చూపించి మాట్లాడించాలి. వాళ్ల పేర్లు, వాళ్లు చెప్పిన మాటలు రిపోర్టులో గౌరవంగా రాయాలి.

ఇక చేపకి ఏం కావాలో చెప్తాను. మహసీర్ గులకరాళ్ల మీద, పారే నీళ్లలో గుడ్లు పెడుతుంది. ఆ రాళ్ల సందుల్లోంచి నీరు ఆడుతుంటేనే గుడ్డుకి ఊపిరి. మీ జేసీబీ పైన మట్టి చెక్కితే ఆ ఒండ్రు దిగువకి పోయి సందులన్నీ మూసేస్తుంది. పిల్లలకి కావాల్సింది మీరు కళ్లారా చూసిందే. వేళ్లు, నీడ, వేగం తక్కువ నీళ్లు. పిచింగ్ వేసిన వాలు మీద ఆ మూడూ ఉండవు. పెద్ద చేప ఒడ్డు చెట్ల నుంచి రాలే పండ్లు కూడా తింటుంది, మేడిపండ్లంటే మరీ. అంటే ఆ చెట్టు నీడా, గూడూ, భోజనం కూడా.

నెలల గురించి జాగ్రత్త. కాంట్రాక్టర్ ఎండాకాలమే అడుగుతాడు, ఎందుకంటే నీళ్లు తక్కువ. కానీ మార్చి నుంచి మే దాకా నదిలో చేపంతా లోతు మడుగుల్లోకి చేరి ఉంటుంది. అప్పుడు మడుగు పక్కన కట్ట వేసి నీళ్లు తోడితే ఆ భాగంలో మిగిలిన పెద్ద తల్లిచేపలన్నింటినీ ఒకే చోట ఇబ్బంది పెట్టినట్టే. జూన్ తర్వాత కొత్త నీళ్లకి అవి ఎగువకి కదులుతాయి, అప్పుడూ కుదరదు. నా లెక్కలో జనవరి నుంచి మార్చి మొదటి వారాల వరకు, అది కూడా నీటిమట్టానికి పైన పని మాత్రమే. మడుగులోకి మెషిన్ దిగకూడదు. సిమెంటు కడిగిన నీళ్లు చుక్క కూడా నదిలో కలవకూడదు, ఆ సున్నపు ఘాటుకి చేప మొప్పలు కాలిపోతాయి. రాయి కూడా నదిలోంచి ఏరొద్దు, క్వారీ నుంచే తెప్పించండి.

మళవళ్ళి రోడ్డు:

ఒక మాట అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మాకు ఆ వైపు పొలం ఉంది. రోడ్డు తెగితే గర్భిణిని ఆస్పత్రికి ఎలా తీసుకెళ్లాలి? మీరంతా సర్వే, డీఎన్‌ఏ అంటున్నారు. వచ్చే వానాకాలంలోపు ఏం చేస్తారో చెప్పండి. మాకూ చేప మీద కోపం లేదు. చిన్నప్పటి నుంచి దాన్ని చూస్తూ పెరిగాం.

గోదారి గట్టు:

న్యాయమైన ప్రశ్న బాబూ. సర్వే పేరు చెప్పి ఊరిని గాలికి వదిలేయమని నేననను. మలుపు దగ్గర లారీలు, ట్రాక్టర్ లోడ్లు ఇప్పుడే ఆపించాలి. ఆ బరువుకే సగం ఒడ్డు విరుగుతుంది. రోడ్డు మీది వాన నీరు నేరుగా ఒడ్డు మీదికి కారకుండా లోపలివైపు సైడ్ డ్రెయిన్ తవ్వించాలి. వెనకనుంచి చిన్న వాహనాలకి తాత్కాలిక దారి వేయాలి. వీటిలో ఏదీ నదిలోకి దిగే పని కాదు. అయినా అభయారణ్యం కాబట్టి రేంజ్ ఆఫీసర్‌కి చెప్పి, అవసరమైన అనుమతి తీసుకునే చేయాలి. ఇవి ఈ సీజన్‌లోనే అవుతాయి. అసలు కట్టడానికి మాత్రం తొందరపడితే మళ్లీ మూడేళ్లకి అదే చోట టెండర్ పిలవాల్సి వస్తుంది.

వైట్‌ఫీల్డ్ కడప:

నేను అమెరికా ప్రాజెక్టులకి ఇక్కడి నుంచే పర్మిట్ డ్రాయింగులు చేస్తాను. అక్కడ ఒడ్డు రక్షణకి నదుల్లో పనులకి అనుమతులిచ్చే సైన్యపు ఇంజినీరింగ్ విభాగం, ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ దగ్గర ఒక సాధారణ అనుమతి ఉంది. మామూలుగా 500 అడుగుల పొడవు, అడుగుకి ఒక క్యూబిక్ గజం రాయి దాటకపోతే సులువుగా అయిపోతుంది. కానీ అక్కడ అంతరించిపోతున్న చేప ఉంటే 1973 నాటి చట్టం ప్రకారం చేపల శాఖతో సంప్రదింపులు జరగాల్సిందే. అది పూర్తిస్థాయికి వెళ్తే 135 రోజుల గడువు. అందుకే మా క్లయింట్లు డిజైన్ పూర్తయ్యాక కాదు, గీత గీయకముందే జీవశాస్త్రవేత్తని పిలుస్తారు. 1978లో స్నెయిల్ డార్టర్ అనే వేలెడు చేప కోసం అక్కడి సుప్రీంకోర్టు దాదాపు పూర్తయిన టెల్లికో డ్యామ్‌నే ఆపింది. తర్వాత కాంగ్రెస్ మినహాయింపు ఇచ్చి డ్యామ్ నింపింది, అది వేరే సంగతి. ఆ చేపని వేరే నదుల్లో కాపాడుకుంటూ వచ్చారు, 2022లో ప్రమాద జాబితా నుంచి తీసేశారు.

మీ జవాబుకి పనికొచ్చే ముక్క ఒకటి: ముందు తప్పించు, తప్పించలేనిది తగ్గించు, తగ్గించలేనిదానికే పరిహారం చూపించు. జవాబు ఆ వరసలో రాయండి. చెట్లకి బదులు చెట్లు అని మొదటి పేరాలోనే మొదలుపెడితే చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

జమ్మలమడుగు అమ్మాయి (బెంగళూరు):

అందరికీ చాలా థాంక్స్. సార్, ఫొటోలు తిరగేశాను. రెండు చోట్ల పెళ్లలు నిలువుగా విరిగి కింద కుప్పగా పడి ఉన్నాయి. మలుపు దగ్గర మాత్రం కింద తొలిచినట్టుంది. అంటే రెండు కారణాలూ ఉన్నాయన్నమాట.

బాస్‌తో మాట్లాడాను. రోడ్డు జరిపే లెక్క కట్టి చూపించమన్నారు, అది పెద్ద విషయమే. కానీ ఇంకో ప్రశ్న వేశారు: "ఈ చేప వన్యప్రాణి చట్టం షెడ్యూల్‌లో ఉందా? లేకపోతే ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారు?" దీనికి ఏం చెప్పాలి?

విశాఖ చేపలు:

ఇక్కడ షెడ్యూల్ దాకా వెళ్లక్కర్లేదు అక్కా. 1972 చట్టంలోనే జంతువు అంటే చేప కూడా, దాని పిల్లలు, గుడ్లు కూడా. వన్యప్రాణి అనే మాటలో నీటి మొక్కలు, నేల మొక్కలు కూడా వస్తాయి. ఇక 29వ సెక్షన్ చూపించండి. అభయారణ్యంలో ఏ వన్యప్రాణి ఆవాసాన్నైనా పాడుచేయాలన్నా, నీటి ప్రవాహాన్ని మళ్లించాలన్నా, ఆపాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. అది కూడా ఆ పని వన్యప్రాణుల మేలుకి అవసరమని ప్రభుత్వం వైల్డ్‌లైఫ్ బోర్డుని సంప్రదించి తేల్చుకున్నాకే. మీ ఫైల్ రాష్ట్ర బోర్డు దాటి ఢిల్లీలో జాతీయ బోర్డు స్థాయీ సంఘం దాకా వెళ్తుంది. అక్కడ "రాళ్ల సందుల్లో హాయిగా ఉంటుంది" అన్న వాక్యం నిలబడదు.

పొలం ఉన్న అన్నయ్యా, మీ మాట కూడా ఆ జవాబులో ఉండాలి. ఊరికి రోడ్డు ఎంత అవసరమో రాస్తేనే చూసేవాళ్లకి బరువు తెలుస్తుంది. గ్రామసభలో ఒక తీర్మానం రాయించి జత చేయించండి.

గోదారి గట్టు:

అమ్మా, ఇప్పుడు కొత్త డ్రాయింగ్ వేయి. మలుపు దగ్గర తొలిచిన భాగానికి మాత్రమే రాతి టో. గేబియన్ వద్దు. పెద్ద క్వారీ రాళ్లు, సైజులు కలిపి, ముఖం ఎగుడుదిగుడుగా, అడుగు బండ తగిలిన చోట అందులో గాడి తీసి బిగించి కూర్చోబెట్టు. నీటిమట్టం పైన వాలు తగ్గించి కొబ్బరిపీచు చాప పరిచి వట్టివేరు, వావిలి, ఆ ఒడ్డునే పెరిగే మద్ది, నేరేడు, కానుగ నాటించు. ఒక్క సీజన్‌లో అవి పట్టుకోవు. రెండేళ్లు నీళ్లు పోసే పని టెండర్‌లోనే రాయాలి, లేకపోతే ఎవరూ పోయరు. మిగతా పొడవున మద్దిచెట్టుతో సహా ఒడ్డుని ముట్టుకోవద్దు. పెళ్లలు విరిగిన రెండు చోట్లా లోపలి నీరు పోవడానికి డ్రెయిన్లు చాలు.

దానికంటే ముందు నీటిమట్టం లెక్కలు తెప్పించు. దిగువన బిలిగుండ్లులో కేంద్ర జల సంఘం గేజ్ ఉంది, అక్కడి ప్రవాహం రికార్డు అవుతుంది. కానీ నీ సైట్‌కీ దానికీ మధ్య అర్కావతి కలుస్తుంది, అది తీసేసి చూసుకోవాలి. శివనసముద్రం పవర్‌హౌస్ నుంచి నీళ్లు వదిలిన గంటల లెక్కలు కూడా ఉత్తరం రాసి అడుగు. రోజులో నీరు ఎంత ఎక్కి ఎంత దిగుతోందో గ్రాఫ్ గీసి, పెళ్లలు విరిగిన తేదీలు ఊరివాళ్లని అడిగి దాని మీద గుర్తు పెట్టు. ఆ గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టు, వాలు ఎంత ఉండాలో కలిసి లెక్క కడదాం.